ఎవరి పోలికో నువ్వు

మార్చి 6

ఈ పిల్ల ఎవరి పోలిక?

బెర్తా నా చేతికి వచ్చిన ఏడాది నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. మొదటిసారి అడిగింది సంతలో సాసేజీలమ్మే ఆవిడ. కటలాన్ మాట్లాడే మా ఊరు ఒలోట్‌లో తోపుడుబండిలో పసిబిడ్డ కనిపిస్తే వంగి అడిగే మొదటి మాట అదే. కళ్లు చూసేలోపే నోరు అడిగేస్తుంది. ఆవిడ ముందు అడిగింది, తర్వాత చూసింది. చైనా నుంచి తెచ్చుకున్న నా బిడ్డ ఆవిడ వైపు చూసి బోసిగా నవ్వింది. ఆవిడ మొహం ఎర్రబడింది. నేను అడిగినదానికంటే ఒక సాసేజీ ఎక్కువ వేసి పొట్లం కట్టింది.

"ఎవరి పోలికా కాదండీ, తన పోలికే," అన్నాను. అప్పటికప్పుడు తట్టిన మాట. బావుందనుకుని ఏళ్ల తరబడి వాడాను. అది జవాబో, తప్పించుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇవాళ ఇదంతా గుర్తు రావడానికి కారణం మా భాషల బడి. వేసవి పరీక్షలకి పాఠాలు పంచారు. నా వంతుకి వచ్చింది: దగ్గరితనాన్నీ పోలికనీ చెప్పే ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బులు, వాటికి సరిపోయే కటలాన్ మాటలు. పాఠం రాయాలి, మౌఖిక పరీక్షకి ప్రశ్నల చీటీలూ రాయాలి. బెర్తా అదే బడిలో సాయంత్రం క్లాసు, నా తోటి టీచరు ఫెరాన్ దగ్గర. అంటే నేను రాసిన చీటీల్లోంచే తనూ ఒకటి తీస్తుంది.

"నాకే ఎందుకిచ్చారు?" అని ఫెరాన్‌ని అడిగాను.

"నీ దస్తూరి బావుంటుంది కదా ఆగ్నెస్," అన్నాడు. అన్నీ కంప్యూటర్లో కొట్టేవే.

మార్చి 9

నిన్న కాఫీ గిన్నె మాడిపోయింది. బెర్తా నీళ్లు పొయ్యకుండా స్టవ్ మీద పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. రెండు అరల మధ్య ఉండే రబ్బరు చుట్టు కరిగి ఇల్లంతా కంపు. నేను అప్పుడే వానలో తడుచుకుంటూ వచ్చాను, సంచిలో దిద్దాల్సిన పేపర్లు కూడా తడిశాయి. గుమ్మంలోనే అన్నాను: "ఎవరి పోలికో నువ్వు!"

అంతే. ఈ ఊళ్లో ప్రతి తల్లీ అనే మాట. మా అమ్మ నన్ను అంది, మా అమ్మని వాళ్లమ్మ అని ఉంటుంది. అది మాట కూడా కాదు, తుమ్ములాంటిది.

బెర్తా స్టవ్ కట్టేసింది. కిటికీ తెరిచింది. "నాకూ అదే తెలుసుకోవాలనుందమ్మా," అంది, మామూలు గొంతుతో. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగా కాదు. విసురుగా వేసుంటే బావుండేది.

నేను తప్పేమీ అనలేదు. వాడుకలో ఉన్న మాట అన్నాను.

మార్చి 10

పలకలేదు. కాఫీ గిన్నెకి కొత్త రబ్బరు కొన్నాను.

మార్చి 11

వాడుకలో ఉన్న మాటే.

మార్చి 14

పాఠం మొదలుపెట్టాను. పని చేస్తుంటే కోపం తగ్గుతుందంటారు. నాకు పెరుగుతోంది.

ఇంగ్లీషులో పెద్దవాళ్ల పోలిక రావడం 'టేక్ ఆఫ్టర్'. విడగొడితే తీసుకోవడం, తర్వాత. ముందు ఎవరో నడిచి వెళ్తారు, వెనక వచ్చినవాళ్లు వాళ్లు వదిలింది తీసుకుంటారు. దాని పక్కనే, ఒక్క మాట తేడాతో, 'లుక్ ఆఫ్టర్'. అంటే కనిపెట్టుకుని ఉండటం, చూసుకోవడం. మా విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేయని ఏడాది లేదు. నిరుడు రొట్టెల కొట్టాయన నిలబడి, నేను మా నాన్నని చూసుకుంటాను, ముక్కు దగ్గర మరీను, అని ఇంగ్లీషులో చెప్పాడు. క్లాసంతా పడి పడి నవ్వింది. తర్వాత ఆయనే నిదానంగా, "అదీ నిజమేనండీ, ఆయనకి తుడిచేది నేనే," అన్నాడు.

కటలాన్‌లో 'టేక్ ఆఫ్టర్'కి సరిపోయే మాట 'రెతిరార్'. పాడు మాట. బల్ల మీంచి ఎంగిలి పళ్లెం తీసెయ్యడానికీ అదే, సైన్యం వెనక్కి తగ్గడానికీ అదే, పిల్లకి మేనత్త గడ్డం రావడానికీ అదే. ఒకే మాటలో ఒకరిలా ఉండటమూ ఉంది, ఒకరి నుంచి తప్పుకోవడమూ ఉంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు చూస్తున్నాను. మొన్న గుమ్మంలో నేనన్నది ఈ మాటే.

పోలికకి మిగతా కటలాన్ మాటలు తేలిక. ముద్ద కలిపి చేసినట్టున్నాడంటాం, మేకు దించినట్టున్నాడంటాం, తండ్రి ఉమ్మేసినట్టున్నాడంటాం. ఇంగ్లీషువాళ్లకీ అక్కడ ఉమ్మే, 'స్పిటింగ్ ఇమేజ్'. ఉమ్ములో ఏముందని ఇన్ని భాషలు దాన్ని పట్టుకున్నాయో.

చిత్తుప్రతి ఫెరాన్‌కి చూపించాను. 'టేక్ ఆఫ్టర్' పక్కన పెన్సిల్‌తో "రక్తసంబంధం ఉంటేనే" అని రాశాడు.

"నిఘంటువులో అలా లేదు. కుటుంబంలో పెద్దవాళ్లని అనే ఉంది," అన్నాను.

"కుటుంబం అంటే అదేగా."

అన్నాక తనకే తట్టింది. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఆగ్నెస్, నేను వ్యాకరణం గురించి అన్నాను."

"నేనూ అంతే."

ఇంటికొచ్చి చెరిపేశాను. గట్టిగా చెరిపితే కాగితం చిరిగింది.

మార్చి 19

సెయింట్ జోసెఫ్ పండగ, పైగా ఆదివారం. ఇద్దరం అమ్మ దగ్గరికి వెళ్లాం. దారిలో కారులో బెర్తా చెవుల్లో పాటలు పెట్టుకుంది. అమ్మ ఎప్పటిలాగే పాలమీగడ వంటకం మీద పంచదార చల్లి, కాల్చిన ఇనప అట్లకాడ దాని మీద అద్దుతోంది. పొగ మధ్యలోంచి అడిగింది: "ఏమే బెర్తా, పుట్టినరోజుకి ఏం కావాలి?"

"డీఎన్ఏ పరీక్ష డబ్బా అమ్మమ్మా. గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపితే, మనకి ఎవరు చుట్టాలో చెబుతారు."

"ఉమ్మితోనా?"

"ఊఁ. పద్దెనిమిది నిండాలి. మేలో నిండుతాయి కదా."

"దానికి డబ్బా ఎందుకే పిచ్చిదానా, నేను చెబుతాను. నువ్వు అచ్చం మా కొంచా పిన్ని. నారింజపండు తొక్క తెగకుండా ఒకే తీగలా వలుస్తావ్. మా ఇంట్లో అలా వలిచింది ఆవిడొక్కతే."

"అమ్మా, కొంచా పిన్నమ్మ చచ్చిపోయి ఇరవై ఏళ్లయింది. ఇది చూళ్లేదు కూడా," అన్నాను.

"చూడక్కర్లేదు. నువ్వు మాత్రం ఎవరి పోలికా? కాఫీ గిన్నెలు మాడ్చడంలో నిన్ను మించినవాళ్లు లేరు. నావి ఎన్ని తగలేశావో మర్చిపోయావా?"

బెర్తా నా వైపు చూసింది. పది రోజుల్లో మొదటిసారి. నేను చెంచా కోసం వెతుకుతున్నట్టు సొరుగు లాగాను.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పాను: "ఆ డబ్బా మంచి ఆలోచనే. నేనే కొనిచ్చేదాన్ని."

"అమ్మమ్మ ఇస్తానంది," అంది.

మంచి ఆలోచనే. తన హక్కు. చిన్నప్పటి నుంచీ దానికి ఏదీ దాచలేదు. అనాథాశ్రమం ఫోటో దాని గదిలో మంచం పక్కనే పెట్టాను. నాకేం బాధ లేదు.

మార్చి 24

డబ్బా వచ్చింది. స్నానాలగదిలో బ్రష్షుల పక్కన పెట్టుకుంది. పుట్టినరోజు దాకా అక్కడే ఉంటుందట. పళ్లు తోముకునేటప్పుడల్లా నాకు ఎదురుగా.

నాకేం బాధ లేదు.

మార్చి 29

బడి మెట్ల మీద జారాను. వాన. కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేత్తో రాస్తున్నాను.

మార్చి 31

బెర్తా కోటు బొత్తాలు పెట్టింది. గడ్డం దగ్గర బొత్తాం పెడుతూ కూడా నోరు విప్పలేదు.

ఏప్రిల్ 3

జుట్టు ముడి వేసింది. మరీ బిగించింది.

ఏప్రిల్ 6

పొద్దున్నే రొట్టె మీద టమాటా రుద్ది, నూనె వేసి, చిన్న ముక్కలుగా కోసి పెట్టి వెళ్లిపోయింది. పక్షికి పెట్టినట్టు. ఒక మాట ఉండదు, పలకరింపు ఉండదు. ఎవరి మొండితనమో ఇది.

ఈ వాక్యం కొట్టెయ్యాలి. ఎడమ చేత్తో గీత కూడా సరిగ్గా రావడం లేదు.

ఏప్రిల్ 15

పాఠం నోటితో చెబుతూ టైపు చేయించాను. ఫెరాన్ కొట్టాడు. 'గ్రో అపార్ట్' దగ్గర, అంటే పోనుపోను దూరమైపోవడం దగ్గర, ఉదాహరణ అడిగాడు. ఏదో ఒకటి రాసుకోమన్నాను. "ఇద్దరు స్నేహితులు," అని రాశాడు.

ఏప్రిల్ 23

సెయింట్ జోర్డీ రోజు, ఇష్టమైనవాళ్లకి పుస్తకమో గులాబీయో ఇచ్చే పండగ. ఊరంతా గులాబీలు, పుస్తకాల బల్లలు. బెర్తా నా పళ్లెం పక్కన ఒక పుస్తకం పెట్టింది. అట్టముక్కంత పలచనిది, ఒక చేత్తో పట్టుకునేటంత. నాకు లావు పుస్తకాలు ఇష్టమని తెలుసు. అయినా అదే తెచ్చింది.

మే 3

చీటీలన్నీ డైరెక్టరు దగ్గరికి వెళ్లిపోయాయి. వాటిలో ఒకటి: "మీ ఇంట్లో మీరెవరి పోలిక? ఏ విషయాల్లో?" నేను రాసిందే. ప్రతి ఏడాదీ ఏదో రూపంలో ఉండే ప్రశ్నే.

కాఫీ మిషన్ దగ్గర ఫెరాన్‌ని పట్టుకున్నాను. "ఆ చీటీ తీసేద్దాం."

"ఏది?"

"పోలిక చీటీ."

"అదే కదా పాఠం మొత్తం. అది తీసేస్తే ఇంకేం అడుగుతాం, పక్కింటివాళ్లతో పడుతుందా అనా?"

"బెర్తాకి వస్తే?"

కప్పు కింద పెట్టాడు. "చూడు, నేను చెప్పేది విను. క్లాసులో ఆ పాఠం చేశాం. అందరూ చెప్పారు, తనూ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"క్లాసులో మాటలు బయట చెప్పకూడదు కదా. మరీ నీకు."

"ఫెరాన్."

"మీ అమ్మాయికి ఆ రెండు వెర్బులకీ తేడా తెలుసు. అంతవరకే చెప్పగలను. ఇప్పుడు దానికోసమని చీటీ తీసేశామనుకో, తెలిస్తే నీతో ఇంకో నెల మాట్లాడదు."

తీసెయ్యడం. మళ్లీ ఆ మాటే, రెతిరార్. చీటీ తియ్యలేదు. ధైర్యం చేశానని కాదు, డైరెక్టరుకి కారణం ఏం చెప్పాలో తోచలేదు.

మే 9

బెర్తాకి పద్దెనిమిది.

పొద్దున్నే ఏమీ తినకుండా, తాగకుండా స్నానాలగదిలో తొట్టి అంచు మీద కూర్చుంది. తలుపు తీసే ఉంది. గొట్టంలో గీత దాకా నింపాలట. నేను వరండాలో బట్టలు మడతపెడుతున్నాను. ఒంటి చేత్తో దుప్పటి మడత పడదు, అయినా పెడుతున్నాను. ఉమ్మిన చప్పుడు. ఆగింది. మళ్లీ చప్పుడు.

"అమ్మా, నోరెండిపోతోంది. సగం కూడా రాలేదు."

"నిమ్మకాయ తలుచుకో."

"తలుచుకున్నా. రావట్లేదు."

"ఉప్పేసిన పచ్చి మామిడికాయ. మన పై అంతస్తు వాళ్లబ్బాయి పెట్టాడే, ఇండియా నుంచి తెచ్చి. తిని ఏడ్చావు."

"ఛీ, అమ్మా." కాసేపటికి, "వస్తోంది," అంది.

గొట్టానికి మూత బిగించి డబ్బాలో పెట్టింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. ఏదైనా అనాల్సిన సమయం అది. "కేకు సాయంత్రం తెస్తాను," అన్నాను.

డబ్బా వీధి తలుపు పక్కన తాళాల బల్ల మీద ఉంది. పోస్టు చెయ్యలేదు ఇంకా.

మే 10

కట్టు తీశారు. చెయ్యి తెల్లగా, సన్నగా, ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంది. మళ్లీ కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఇంకా నావి కావు.

మే 13

డబ్బా బల్ల మీదే ఉంది. పోస్టాఫీసు దారిలోనే కదా రోజూ వెళ్లేది. అడగను.

మే 15

అడగలేదు.

మే 17

మౌఖిక పరీక్ష. సొంత బిడ్డని పరీక్షించకూడదని నన్ను వరండాలో హాజరు చూసుకోమన్నారు. లోపల ఫెరాన్, ఇంకా జిరోనా నుంచి వచ్చిన ఒక పరీక్షకురాలు. ఆవిడ హాజరు పట్టీలో నా ఇంటిపేర్లు రెండూ, బెర్తా ఇంటిపేర్లు రెండూ ఒకటే ఉండటం చూసింది.

"మీ చెల్లెలాండీ ఈ అమ్మాయి?"

"కూతురు," అన్నాను. ఇక్కడ అందరికీ తండ్రిదొకటి, తల్లిదొకటి, రెండు ఇంటిపేర్లుంటాయి; ఒంటరిగా దత్తత తీసుకున్నవాళ్ల బిడ్డలకి మాత్రం తల్లి ఇంటిపేర్లు రెండూ వస్తాయి. కాగితం మీద అక్కచెల్లెళ్లం.

బెర్తా వచ్చింది. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, కళ్లు పట్టీ మీదికి దించుకుంది. నాకు సాసేజీలావిడ గుర్తొచ్చింది. బెర్తా నా పక్కనుంచి వెళ్తూ నా చొక్కా కాలరు సరిచేసి లోపలికి వెళ్లింది. తలుపు మూసేశారు. తలుపు మందం. ఏమీ వినపడలేదు. విన్నానని ఎవరైనా అంటే అబద్ధం. చెవి ఆనించాను, నిజమే, అయినా వినపడలేదు.

బయటికి వచ్చి, "అయిపోయింది," అంది. బస్సుకి వెళ్లిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఫెరాన్ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"చెప్పకూడదు. చెప్పేస్తున్నా. పోలిక చీటీ తనకే వచ్చింది."

నేను కూర్చున్నాను.

"మీ ఇంట్లో ఎవరి పోలిక అని ఆవిడ అడిగింది. తను, మా అమ్మని నేను చూసుకుంటాను, అంది. 'లుక్ ఆఫ్టర్.'"

"తర్వాత?"

"తర్వాతేం లేదు. ఆవిడ రెండోసారి అడిగింది, అదే ప్రశ్న, నెమ్మదిగా. తనూ రెండోసారి అదే అంది, అంతే నెమ్మదిగా. ఆవిడ తప్పు కింద వేద్దామంటోంది. అందరూ చేసే తప్పే, ఒక మార్కు పోతుంది. నేను ఒప్పుకోలేదు. క్లాసులో తను ఆ రెండూ సరిగ్గానే వాడింది. ఇప్పటికీ తేలలేదు." కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వయితే ఏం వేస్తావ్?"

"నన్నడక్కు."

"నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

"అందుకే నన్నడక్కు ఫెరాన్."

మే 18

చికాకుగా ఉంది. నా మీదా, ఆ వెర్బు మీదా, దాన్ని నాకు చెప్పిన ఫెరాన్ మీదా. చెప్పకూడనిది చెప్పాడు కాబట్టి నేను బెర్తాని అడగలేను. అడిగితే అతను ఇరుక్కుంటాడు. ఇది మంచి కారణమే. మరీ అంత మంచి కారణం దొరకడం నాకు నచ్చడం లేదు.

పొద్దున లేచేసరికి తాళాల బల్ల మీద డబ్బా లేదు.

"పంపేశావా?" అన్నాను.

"ఊఁ. నిన్న, పరీక్ష అయ్యాక." స్టవ్ మీద కాఫీ గిన్నె పెడుతూ, "నీళ్లు పోశాను, చూడక్కర్లేదు," అంది. మూత తీసి చూపించింది కూడా.

జవాబు రావడానికి కొన్ని వారాలు పడుతుందట. ఎక్కడో ఒక పిన్నో, అన్నో, లేకపోతే తల్లో తేలొచ్చు. ఎవరూ తేలకపోవచ్చు. ఎవరు తేలినా వాళ్ల ముక్కో, చెవులో, నారింజ వలిచే తీరో దీనికి ఉండొచ్చు. ఆ మాట ఇక్కడ ఇప్పుడే రాస్తున్నాను. రెండు నెలలుగా బాధ లేదు, బాధ లేదు అని రాశాను. ఉంది.

కట్టు తీసి వారం దాటింది. నా చేత్తో నేను రొట్టె మీద టమాటా రుద్దుకోగలను. బొత్తాలు పెట్టుకోగలను. నిన్న పేపర్లన్నీ నేనే దిద్దాను. ఇవాళ కూడా బెర్తా రొట్టె మీద టమాటా రుద్ది, నూనె వేసి, చిన్న ముక్కలుగా కోసి నా ముందు పెట్టింది. "చెయ్యి బాగయిపోయింది," అని నేను చెప్పలేదు. తనకి కనపడుతూనే ఉంది. ఇద్దరం తిన్నాం. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "గొడుగు తీసుకో, మెట్లు తడిగా ఉంటాయి," అంది.

చెయ్యి విరిగినప్పటి నుంచీ తను చేసినవాటి గురించి రాసిందంతా ఇవాళ వెనక్కి తిప్పి చదివాను. బొత్తాలు, ముడి, పక్షికి పెట్టినట్టు ముక్కలు, ఒక చేత్తో పట్టుకునే పుస్తకం. అన్నీ ఫిర్యాదుల్లా రాసి పెట్టుకున్నాను.

ఫెరాన్ మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. మార్కులు రేపు వెయ్యాలి. ఇరవయ్యేళ్లుగా ఈ రెండు వెర్బుల తప్పు దిద్దుతున్నదాన్ని. ఎవరు ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడతారో నిద్రలో కూడా చెప్పగలను. ఇక్కడ చెప్పలేకపోతున్నాను. నోరు తడబడి ఒక మాట బదులు ఇంకో మాట వచ్చిందా? నేను మా అమ్మలా లేను కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు లేదు, ఇదిగో ఉన్నది ఇది, అని ఆవిడకి చెప్పిందా? లేక గుమ్మంలో నేనన్న మాటకి నాకే సమాధానం పంపిందా, మూసిన తలుపు వెనక నుంచి, నాకు అందదని తెలిసీ?

అది తప్పో, జవాబో నాకు తెలియదు. అడగాలో వద్దో కూడా తెలియదు.